దాంపత్యమున సఖ్యము

మన భాషలో భర్త యను మాటకు భరించువాడని యర్థము. భార్య యనగా భరింపబడునది. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్క నుంచి చూచినచో నొకరు మూటయు నొకరు మోయువాడును అయినట్లు తోచును గాని, యిద్దరును స్నేహితులని తోచదు. అయినను మన పూర్వులు వధూవరులచేత ఏడడుగులు నడిపించి, కడపటి యడుగుతో నామెను సఖిగా చేసిరి. ముందటి యడుగులలో అన్నము, బలము, సంపద, సుఖము, సంతతి మొదలగునవి కోరబడినవి. స్నేహము చిట్టచివర వచ్చినది. చివర వచ్చినది కనుక కొసరని యనుకొందుమా, శిఖరమని యనుకొందుమా యనునదే ప్రశ్న.

క్రైస్తవ కుటుంబములలోను ఈ ప్రశ్న తరతరములుగా నడచుచున్నది. దంపతులు ఇహమందు కలిసి బ్రతుకుటయే కాక దైవమార్గమున నొకరికొకరు తోడై నడువవలెనని ఆ మతమువారి యాదర్శము. ఆ యాదర్శ మెట్టిది, అది మన యిండ్లలో నెంతవరకు నిలిచినది యని విచారించుటకు ఈ పుటలను వినియోగించుచున్నాము. మా పాఠకురాండ్రలో క్రైస్తవులు కానివారే యెక్కువ కావచ్చును. వారికిని ఇది పరాయి విషయము కాదని మా నమ్మకము.

హైదరాబాదునకు తూర్పున నున్న ఉప్పలు, నాచారములను మేము దృష్టియం దుంచుకొనుటకు కారణము కలదు. ఒకప్పుడవి చెరువులు, పొలములు గల గ్రామములు. తరువాత నాచారమున కర్మాగారములు లేచినవి. కార్మికుల కొరకు ఇ. ఎస్. ఐ. ఆసుపత్రి వెలసినది, ఉప్పలున సర్వే శిక్షణాలయము, ఆ త్రోవనే భూభౌతిక పరిశోధనాలయము వచ్చినవి. 2007వ సంవత్సరమున ఉప్పలు పురపాలకసంఘము మహానగరములో కలిసిపోయినది. 2017 నవంబరు నెలలో మెట్రో రైలును వచ్చినది. పనిని వెదకికొనుచు నల్లగొండ, వరంగల్లు, గుంటూరు, కృష్ణా మొదలగు జిల్లాలనుండి వచ్చిన కుటుంబములెన్నో అద్దె యిండ్లలో స్థిరపడినవి. వారిలో క్రైస్తవులును గలరు. సి. ఎస్. ఐ. వారు, బాప్టిస్టులు, రోమను కథోలికులు, ఏ సంఘమునకును చెందని స్వతంత్ర ప్రార్థనామందిరములవారు అందరును ఆ వీధులలో నున్నారు. ప్రక్కనున్న రామాంతపురములో కథోలిక గురువులకు శిక్షణ నిచ్చు సెయింట్ జాన్స్ విద్యాపీఠము కలదు.

ఇట్టి చోట దాంపత్యమునకు కలిగిన మార్పును మన స్త్రీలు గమనింపవలెను. పల్లెలో నున్న కోడలికి భర్త స్నేహితుడు కాకపోయినను దినము గడచెడిది. బావికడ చెలికత్తెలు, ఇంట తోడికోడలు, ఆడబిడ్డ, ప్రక్కింటి పిన్నమ్మ ఉండిరి. కష్టము చెప్పుకొనుటకు చెవులకు కొదువ లేదు. పట్టణములో రెండు గదుల యింటి తలుపు మూసికొనగానే ఆ లోకమంతయు వెలుపల నిలిచిపోవును. అత్తగారి యారళ్ళు తప్పినవి, నిజమే. అత్తగారి తోడును తప్పినది. మిగిలినది ఒక్క భర్త. అతడు రాత్రిపాళి పనిచేసి ఉదయమున నిద్రించును. ఆమె ఉదయమున బడికో కార్యాలయమునకో పోవును. ఒకే కప్పుక్రింద నుండియు వారములకొలది నిండు సంభాషణము లేని దంపతులు నేడు అరుదు కారు. సఖ్యము పూర్వము అలంకారమైనచో ఇప్పుడది యన్నపానములవంటి యవసరమైనది.

ఇక క్రైస్తవ గ్రంథములేమి చెప్పుచున్నవి? ఆదికాండమున ఆదాము ఒంటరిగా నుండుట మంచిది కాదని తలచి దేవుడు స్త్రీని సృజించెనని యున్నది. అచ్చట ఆమెకు వాడిన హెబ్రీ పదమునకు సహాయమని యర్థము. సహాయమనగా పనికత్తెయని తలచిన వ్యాఖ్యాత లెందరో యుండిరి. కాని అదే పదము కీర్తనల గ్రంథమున మాటిమాటికి దేవునికే వాడబడినది. దానితో చేర్చిన రెండవ పదమునకు ఎదుటనుండునది, సరిజోడు అని యర్థము. తెలుగు బైబిలును సిద్ధపరచినవారు ఇచ్చట ‘సాటి’ యను చక్కని మాటను వాడిరి. సాటివాడనగా మనకన్న హెచ్చు కాడు, తగ్గు కాడు. ఈ యొక్క మాటను పట్టుకొని మన గురువులు ఏడాదికొక్క ప్రసంగమైన చేసిన బాగుండునని మాకు తోచుచున్నది.

మలాకీ ప్రవక్త భార్యను తోటిదియని పిలిచెను. పరమగీతములోని వధువు తన ప్రియుని వర్ణించి వర్ణించి, తుదకు అతడు తన స్నేహితుడని చెప్పి ముగించును. క్రొత్త నిబంధనలో అకుల, ప్రిస్కిల్ల యను దంపతులున్నారు. వారు డేరాలు కుట్టి జీవించువారు. రోమునుండి వెళ్ళగొట్టబడి కొరింథునకు వచ్చి, అదే వృత్తిగల పౌలునకు తమ యింట చోటిచ్చిరి. గొప్ప వక్తయైన అపొల్లోకు తెలియని సంగతిని ఇద్దరును కలిసి విడమరచి బోధించిరి. ఆ దంపతుల పేర్లు ఎక్కడ కనబడినను రెండును కలిసియే కనబడును. పెక్కుచోట్ల భార్య పేరే ముందున్నది. చేతిపని చేసికొని బ్రతుకుచు, ఊరు మారుచు, అద్దెయింటనే ఆరాధన జరుపుకొను నాచారపు కుటుంబములకు వీరికన్న దగ్గర చుట్టములు వేదములో మరెవ్వరును లేరు.

తరువాతి వేదాంతులు ఈ విషయమును పలు తెరగుల చెప్పిరి. క్రీ. శ. 200 ప్రాంతమున ఆఫ్రికా ఖండమునకు చెందిన తెర్తుల్లియను తన భార్య కొక లేఖ వ్రాసెను. ఒకే విశ్వాసముగల దంపతులు కలిసి ప్రార్థింతురనియు, కలిసి ఉపవసింతురనియు, ఒకరినుండి యొకరు దేనిని దాపరనియు, రోగిని చూడబోవుటకుగాని బీదవాని కిచ్చుటకుగాని దొంగతనముగా పోనక్కరలేదనియు ఆయన వర్ణించిన తీరు నేటికిని మనస్సును కరగించును. ఇంత చక్కగా వ్రాసిన యా మహానుభావుడే, తాను మరణించినచో భార్య మరల పెండ్లాడవలదనియు అదే రచనలో బోధించెను! పురుషుల స్నేహమునకు అప్పుడప్పు డిట్టి షరతులు తగులుకొనియుండుట మన యాడువారికి క్రొత్త కాదు.

అగస్తీను 401వ సంవత్సర ప్రాంతమున వివాహమునుగూర్చి వ్రాయుచు, మానవసమాజమున మొదటి సహజబంధము దంపతులదేననియు, వారు ప్రక్కప్రక్క నడచుచు తాము పోవు దిక్కునే కలిసి చూచువారనియు చెప్పెను. ఆంగ్లదేశపు మఠాధిపతియైన ఏల్రెడు 12వ శతాబ్దమున స్నేహమునుగూర్చి యొక గ్రంథము రచించెను. స్త్రీ పురుషుని ప్రక్కనుండి తీయబడుటచే ఇద్దరును సమానులనియు, హెచ్చుతగ్గులు లేకుండుటయే స్నేహలక్షణమనియు ఆయన యభిప్రాయము. పెండ్లియే యెరుగని సన్యాసి యిట్లు వ్రాయుట వింతగా నుండవచ్చును. ఒకప్పుడు దూరమునుండి చూచువానికే కొండ స్పష్టముగా కనబడును. 13వ శతాబ్దమున తోమా అక్వీనాసు భార్యాభర్తల స్నేహమును స్నేహములన్నిటిలో గొప్పదిగా నెంచెను.

ఇన్ని చెప్పినను పెండ్లి క్రమములో మాత్రము స్నేహము వెనుకబడియే యుండెను. ఆంగ్ల సంఘపు ప్రార్థనా పుస్తకమున వివాహమునకు మూడు ప్రయోజనములు చెప్పబడినవి: మొదటిది సంతానము, రెండవది పాపమునుండి కాపుదల, మూడవది సుఖదుఃఖములలో పరస్పర సాంగత్యము. మూడవదానిని మొదట నుంచవలెనని మార్టిన్ బూసరను పండితుడు 1551లో వాదించెను గాని ఆ కాలమువా రాలకింపలేదు. రోమను కథోలిక సభయందును మార్పు మెల్లగా వచ్చినది. 1965లో వారి రెండవ వాటికను మహాసభ వివాహమును జీవితమందును ప్రేమయందును కలిసి పాలుపంచుకొను బంధమని వర్ణించెను. 1968లో ఆరవ పౌలు పోపు దానిని స్నేహమునందే యొక విశిష్టరూపమని వ్రాసెను. 2016లో ఫ్రాన్సిసు పోపు అక్వీనాసు మాటను మరల జ్ఞాపకము చేసెను.

స్నేహమను మాటకు మన నిజాం రాష్ట్రపు చరిత్రలో నొక గొప్ప సందర్భము కలదు. వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు తిరునల్వేలినుండి వచ్చి, తెలుగు నేర్చి, 1909 మొదలుకొని దోర్నకలులో పనిచేసిరి. 1912 డిసెంబరు 29వ తేదీన ఆంగ్లికను సంఘమున ప్రథమ భారతీయ బిషప్పుగా అభిషేకింపబడిరి. అంతకు రెండేండ్లు ముందు ఎడింబరో నగరమున జరిగిన మహాసభలో దొరల యెదుట నిలిచి ఆయన యొక ప్రసంగము చేసిరి. మీరు మాకు ధనమిచ్చితిరి, శ్రమపడితిరి, ప్రాణములనైన ధారపోసితిరి, వీటికి మేము కృతజ్ఞులము, కాని మాకు స్నేహితులు కావలెను అని ఆ ప్రసంగ సారాంశము. మేలుచేయువానికిని మిత్రునికిని గల భేదమును అంత సూటిగా చెప్పినవారు తక్కువ. మేలుచేయువాడు పైనుండి ఇచ్చును. మిత్రుడు ప్రక్కన కూర్చుండును.

ఆయన ఆ మాటలు చెప్పినది తెల్లవారినిగూర్చి. కాని వాటిని మన యింటిలోనికి తెచ్చికొని చూతము. భర్త జీతము తెచ్చును, నగలు చేయించును, జ్వరము వచ్చిన నాడు ఆసుపత్రికి తీసికొనిపోవును. ఇవన్నియు మేళ్ళే. అయినను ఆమె మనస్సులోనిది ఆయన యెన్నడైన అడిగెనా? తన భయమును ఆమెతో చెప్పుకొనెనా? ఉద్యోగము పోవునని బెంగపడు పురుషుడు ఆ సంగతిని తోటి పనివానితో చెప్పును, పాస్టరుగారితో చెప్పును, భార్యకు మాత్రము నెల గడచిన పిమ్మట తెలియును. ఇందులో దుర్బుద్ధి లేదు; ఆమెను కాపాడవలెనను తలంపే యున్నది. ఆ కాపుదలయే యామెను మిత్రస్థానమునుండి దించుచున్నది.

అజరయ్యగారు 1898లో వివాహమాడిన అంబు మరియమ్మాళుగారు దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాలవిద్య నభ్యసించిన మొదటివారిలో నొకరు. ఆమెయందలి భక్తిని చూచియే ఆయన వరించెనని చెప్పుదురు. పరదేశమువంటి దోర్నకలులో ఆయనతోడ ఆమెయు కాపురముండి ఆయన సేవలో పాలుపంచుకొనెను. 1945 జనవరి 1వ తేదీన ఆయన గతించువరకును ఆ దాంపత్యము నిలిచినది.

పత్రికలు చదువు మన సోదరీమణులు తప్పక తెలిసికొనదగిన మరియొక జంట కలదు. తెలుగు క్రైస్తవ కుటుంబమున బుట్టిన కమలా సత్యనాథన్‌గారు ఎం. ఏ. పట్టము పొందిన విదుషీమణి. ఆమె భర్త శామ్యూలు సత్యనాథన్‌గారు చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో తత్త్వశాస్త్రాచార్యులు. ఆయన మొదటి భార్యయైన కృపాబాయి ‘సగుణ’ యను నవలను రచించి 1894లో చిన్నవయస్సుననే గతించినది. ఆమెను వైద్యవిద్యకు దూరము చేసిన యనారోగ్యము ఆమె కలమునకు మాత్రము అడ్డు కాలేకపోయినది. కమలగారును శామ్యూలుగారును కలిసి భారతీయ క్రైస్తవ జీవనమునుగూర్చిన కథలపుస్తకమును 1898లో ప్రకటించిరి. ఒకే పుస్తకముపై భార్యాభర్తల పేర్లు రెండును అచ్చుపడుట ఆ దినములలో నెంత యరుదో యూహించుకొనుడు.

1901లో ఆమె చెన్నపురినుండి ‘ఇండియన్ లేడీస్ మాగజైను’ను స్థాపించెను. మన హైదరాబాదు సరోజినీదేవిగారి తొలి రచనలు కొన్ని అందు వెలువడినవి. 1906లో శామ్యూలుగారు జపాను దేశమున అకస్మాత్తుగా మరణించిరి. బిడ్డలతో నొంటరిగా మిగిలిన యామె పత్రికను ఆపలేదు. 1918 వరకు నడిపెను. కొంతకాలమాగి 1927లో మరల ప్రారంభించెను. దాంపత్యములో స్నేహమెంతవరకు నిజమైనదో తెలియుటకు ఇదియొక గుర్తని మేము తలచుచున్నాము. భర్త బ్రతికియుండగా ఆయన నీడలో వికసించుట యొకటి. ఆయన పోయిన తరువాతను తన కాళ్ళపై నిలుచునట్లు ఆ సాంగత్యము చేసియుండుట మరియొకటి.

చదువుకొన్నవారికే యీ సఖ్యము సాధ్యమని యెవరైన అందురేమో. 1866లో తాళ్ళకొండపాడను గ్రామమునుండి యర్రగుంట్ల పేరయ్య, నాగమ్మ యను మాదిగ దంపతులు ఒంగోలునకు నడచి వచ్చి జ్యూయెట్ దొరచేత బాప్తిస్మము పొందిరి. పేరయ్య తోళ్ళ వ్యాపారి. అంతకు పూర్వము ఆయన రాజయోగమార్గమున సత్యమును వెదకినవాడు. ఆ మార్గమున ఆయనకు గురువు బండికట్ల వీరమ్మ యను స్త్రీ. స్త్రీని గురువుగా నంగీకరించిన పురుషునికి భార్యను తోటి యాత్రికురాలిగా నెంచుట కష్టము కాదు గదా! చదువులేని యా యిద్దరును కలిసి వెదకిరి, కలిసి నడచిరి, కలిసి నీటిలోనికి దిగిరి. మరుసటి యేడాదియే వారి గ్రామమున మరికొందరు వారి వెంబడి నడచిరి. తెలుగుదేశపు బాప్టిస్టు సంఘచరిత్రకు ఆ దంపతుల యడుగులే తొలి బాటలలో నొకటి.

ఇంత చెప్పిన పిమ్మట మా కండ్లయెదుటి కుటుంబముల మాటకు వత్తము. భార్య యొక మందిరమునకును భర్త వేరొక మందిరమునకును పోవు ఇండ్లున్నవి. ఆమె విశ్వాసిని, ఆయన హిందువు, లేక ఏ దేవుని తలపును లేనివాడైన యిండ్లును ఉన్నవి. శుక్రవారపు ఉపవాస ప్రార్థనలలో స్త్రీలే నిండియుందురు. ఆత్మసంబంధమైన తోడును వారు ఒకరియందొకరు వెదకికొనుచున్నారు, సి. ఎస్. ఐ. వారు తమ యాడువారి సమాజమునకు ‘స్త్రీల మైత్రి’ యని పేరు పెట్టుకొనుట ఊరక కాదు. ఆ మైత్రి మంచిదే. కాని భక్తియంతయు భార్యకు వదలి, భర్త పండుగనాడు మాత్రము తెల్లచొక్కా తొడిగికొని వచ్చుట మన సంఘములలో నొక యాచారమైపోయినది. సాటిలేని భక్తురాలికి ఇంటిలో సాటి కరవైనది.

విశ్వాసములు వేరైనచోట తొందరపడవలదని పౌలు కొరింథీయులకు వ్రాసెను. వేరు విశ్వాసముగల భర్త కాపురము చేయుటకు ఇష్టపడినచో విడువవలదనెను. వాదమువలన మారిన భర్తను మేము చూడలేదు. ప్రార్థన నెపమున సాగు పోరును మాత్రము చూచినాము. భర్త వినునట్లు గొంతెత్తి, ‘ప్రభువా, ఈయన కోపమును అణచుము’ అని దేవునికి విన్నవించుట ప్రార్థన కాదు. అది దేవుని అడ్డము పెట్టుకొని ఆడిన మాట. కలిసి ప్రార్థించువా రిద్దరును మొదట తమ తప్పులను చెప్పుకొందురేని అటు పిమ్మట ఎదుటివాని తప్పులకు తీరిక దొరకదు.

లోబడుట యను మాటనుగూర్చియు చెప్పక తప్పదు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో భార్యలు లోబడవలెనని యున్నదని పెండ్లిలో చదువుదురు. కొందరు భర్తలకు వేదమంతటిలో కంఠస్థమైన దదియొక్కటే. ఆ భాగమునకు ముందటి వచనమున అందరును ఒకరికొకరు లోబడవలెనని యున్నది. భార్యలకు చెప్పినది మూడు వచనములు. భర్తలకు చెప్పినది అంతకు రెండింతలకు మించినది. భార్యను సన్మానింపని భర్తయొక్క ప్రార్థనకు ఆటంకము కలుగునని పేతురు స్పష్టముగా హెచ్చరించెను.

చేయిచేసికొను భర్తను ఓర్చుకొనుటయే సఖ్యమని ఎవరైన బోధించినచో, వారు గురువులైనను పెద్దలైనను, నమ్మవలదు. కొట్టుచేతికిని పట్టుకొనుచేతికిని భేదము పసిబిడ్డకును తెలియును. 1869 నాటి విడాకుల చట్టము ప్రకారము క్రైస్తవ భర్త వ్యభిచారమొక్కటి చూపిన చాలు విడాకులు పొందగలిగెడివాడు. భార్య మాత్రము దానితోబాటు క్రౌర్యమో, రెండేండ్ల పరిత్యాగమో, మరియొకటో రుజువు చేయవలసియుండెను. 132 ఏండ్ల తరువాత, 2001లో, ఆ యసమానత తొలగి ఇద్దరికిని సమానకారణము లేర్పడినవి. 2005 నాటి గృహహింసా నిరోధక చట్టము మతభేదము లేక స్త్రీలందరికిని వర్తించును. 1961 నాటి వరకట్న నిషేధ చట్టమును అట్టిదే. కట్నము బేరమాడి మొదలైన స్నేహ మెట్టిదో మేము వేరుగా చెప్పనక్కరలేదు. గుడిలో మూడు ఆదివారములు పెండ్లి ప్రకటన చదివి, అభ్యంతరమున్నచో చెప్పుడని సంఘము నడుగుదురు గదా. కట్నమునుగూర్చి ఆ మూడు వారములలో ఒక్కరైన నోరు విప్పరు.

కథోలికులు పెండ్లికి ముందు వధూవరులకు శిక్షణతరగతులు పెట్టుచున్నారు. ఇతర సంఘములలోను పాస్టరుగారు పిలిచి నాలుగు మాటలు చెప్పుట కలదు. ఆ తరగతులలో కుటుంబనియంత్రణము, జమాఖర్చులు, ప్రార్థన మొదలగువాటితోబాటు ఒక చిన్న ప్రశ్నను చేర్చుట మంచిదని మా సూచన: మీకు అవమానము జరిగిన దినమున మొదట ఎవరితో చెప్పుదురు? ఇద్దరును వేరు వేరు కాగితములపై వ్రాసి, పిమ్మట మార్చుకొని చదువుకొనవలెను. పెండ్లియై ఇరువదియేండ్లు గడచినవారును ఈ పరీక్షకు కూర్చుండవచ్చును. రాత్రిపాళి లేని యొక యాదివారము మధ్యాహ్నము చాలును.

మరియొక మాట. నాచారములో నందమూరి తారకరామారావుగారి రామకృష్ణా స్టూడియో వెలసి, అందు సినిమాలు తీసిన దినములు కలవు. సినిమాలలో ప్రేమ పెండ్లితో ముగియుటయే మన కలవాటు. సెల్‌ఫోనులో చూచు కథలును ఆ త్రోవనే పోవుచున్నవి. పెండ్లి తరువాతి కథను తీయువారు తక్కువ, చూచువారు మరియు తక్కువ. ఆ కథ ఉప్పలు మెట్రో మెట్లకడ, పాలపొట్లముతో ఇంటికి తిరిగివచ్చు భర్త ‘నేడు నీ దినమెట్లు గడచినది?’ అని యడుగుటతో మొదలగును. స్త్రీల ప్రార్థనకూటము ముగియువరకు గేటువెలుపల స్కూటరుపై కూర్చుండి నిరీక్షించు భర్తలును అనేకులున్నారు. వారిని లోనికి పిలిచి ఒక కుర్చీ వేయవలెనని ఆ కూటములను నడుపు అమ్మలను వేడుచున్నాము.